ఆగిపోయిన లోడ్‌ను తిట్టకండి

4471,2,"డబ్బా తెరిచి ఉంది, లోపల ""సరిచూశాం"" అన్న చీటీ మాత్రం ఉంది",2024-03-18

ఈ వరుసలో ఎన్ని గడులున్నాయి? ఆర్డరు నంబరు, రేటింగు, కామెంటు, తేదీ. నాలుగు. చదవడం వచ్చిన ఎవరికైనా నాలుగే కనిపిస్తాయి. మధ్యలో ఉన్న కామా కామెంటుదేనని, పక్కపక్కన రెండు కొటేషన్ గుర్తులుంటే ఒకటిగా చదువుకోవాలని మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇలా గడుల మధ్య కామాలు పెట్టి రాసే ఫైలును సీఎస్‌వీ అంటారు. ఇదే వరుసను స్నోఫ్లేక్‌కి (ఇంటర్నెట్ మీద నడిచే డేటా గిడ్డంగి, అంటే క్లౌడ్ వేర్‌హౌస్) ఇచ్చి, సెట్టింగులేవీ ముట్టుకోకుండా మామూలు సీఎస్‌వీ ఫార్మాట్‌తో చదవమంటే ఐదు గడులు చూస్తుంది. గడిని కొటేషన్లలో చుట్టి ఉండొచ్చని చెప్పే సెట్టింగు ఒకటుంది, ఫీల్డ్ ఆప్షనల్లీ ఎన్‌క్లోజ్డ్ బై అని. దాని డిఫాల్టు విలువ 'నన్', అంటే ఏమీ లేదు. కాబట్టి కొటేషన్ గుర్తు దానికి మిగతా అక్షరాల్లాంటిదే. కామా కనిపించిన చోటల్లా నరుకుతుంది. అలాంటిదే మరో వేర్‌హౌస్, బిగ్‌క్వెరీకి ఇస్తే నాలుగు చూస్తుంది, అక్కడ డబుల్ కోట్ డిఫాల్టుగానే ఉంటుంది. మూడో వేర్‌హౌస్ రెడ్‌షిఫ్ట్‌లో, ఫైలును టేబుల్లోకి ఎక్కించే కాపీ కమాండ్‌కి సీఎస్‌వీ అన్న మాట తగిలించడం మర్చిపోయారనుకోండి, అది కామా కోసం కాదు, పైపు గుర్తు (|) కోసం వెతుకుతుంది. పైపు ఎక్కడా లేదు కాబట్టి వరుస మొత్తం ఒకే గడి.

ఒకటే వరుస. ఐదు, నాలుగు, ఒకటి. మూడూ తమ మాన్యువల్‌లో రాసి ఉన్నట్టే చదివాయి, తప్పు పట్టడానికి లేదు.

ఈ వరుసను నేను మర్చిపోలేకపోవడానికి కారణం వేరే ఉంది. ఇలాంటి వరుసల్ని కొన్ని నెలల పాటు నేనే చెత్తబుట్టలో వేయించాను.

జరిగింది ఇది. బయటి సంస్థ ఒకటి రోజూ రాత్రి మాకు కస్టమర్ల అభిప్రాయాల ఫైలు పంపేది. రెండు రోజులకోసారి లోడ్, అంటే ఆ ఫైలును వేర్‌హౌస్‌లోకి ఎక్కించే పని, ఆగిపోయేది. పొద్దున్నే వచ్చి చూస్తే ఎర్ర గుర్తు, కింద 'కాలమ్‌ల సంఖ్య సరిపోలేదు' అన్న మెసేజ్. ఫైలు తెరిచి, ఆ వరుస వెతికి, చేత్తో దిద్ది, మళ్లీ లోడ్ చేసేవాణ్ణి. మూడోసారో నాలుగోసారో విసుగొచ్చింది. కాపీ కమాండ్‌లో ఆన్ ఎర్రర్ అనే ఆప్షన్‌ను 'కంటిన్యూ' అని మార్చాను. అంటే తప్పుగా ఉన్న వరుసను వదిలేసి మిగతావి ఎక్కించు అని. మర్నాటి నుంచి అంతా పచ్చ. ఆ పచ్చదనం చూసి నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను కూడా.

తర్వాత ఒకరోజు కస్టమర్ సపోర్టులో పనిచేసే ఆవిడ ఫోన్ చేసి, "ఏవండీ, ఈ ఆర్డరు గురించి కస్టమర్‌తో నేనే అరగంట మాట్లాడాను. ఆయన రాసిన కామెంటు కూడా చూశాను. మీ రిపోర్టులో అసలు ఆ ఆర్డరే లేదేంటి?" అని అడిగారు. లేదు. వెతికితే ఆమె చెప్పిన మరో నాలుగూ లేవు.

ఇక్కడ నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. వస్తువు నచ్చినవాళ్లు ఏం రాస్తారు? 'బాగుంది.' 'థాంక్స్.' అందులో కామా ఉండదు, కొటేషన్ ఉండదు, ఎంటర్ కొట్టి రెండో పేరా మొదలెట్టే పనీ ఉండదు. ఒళ్లు మండినవాళ్లు రాస్తారు అసలు కామెంట్లు. ఫలానా రోజు ఫోన్ చేస్తే ఫలానావాళ్లు "రేపు" అన్నారు, ఎల్లుండి చేస్తే "అలా అనలేదే" అన్నారు అంటూ, కామాలతో, కొటేషన్లతో, పేరాలు విడగొట్టి మరీ. నా సెట్టింగు వదిలేసినవి ఏవో నాలుగు పాడైన వరుసలు కావు. ఏరి ఏరి కోపంగా ఉన్నవాళ్లనే వదిలేసింది. సగటు రేటింగు నెలనెలా చాప కింద నీరులా పెరుగుతూ వచ్చింది, మేం దానికి కారణాలు కూడా కనిపెట్టుకున్నాం.

అందుకే 'కొన్ని వరుసలు పోతే పోయాయి, మొత్తం మీద లెక్క సరిపోతుంది కదా' అన్న మాట వింటే ఊరుకోలేను. సరిపోదు. ఫైలు చదివేటప్పుడు విరిగే వరుసలు చీట్లు తీసినట్టు ఎక్కడ పడితే అక్కడ రావు. పొడుగాటి పాఠం ఉన్నవి విరుగుతాయి, ఇంగ్లిష్ కాని అక్షరాలున్నవి విరుగుతాయి, మామూలు అచ్చులో పడని పేర్లు, చిరునామాలు విరుగుతాయి. వదిలేయమని చెప్పడమంటే అటువంటివాళ్లని లెక్కలోంచి తీసేయమని చెప్పడమే.

ఇప్పుడు నా వాదన. క్లౌడ్ వేర్‌హౌస్‌లో సీఎస్‌వీ చదివే సెట్టింగులు రెండు రకాలు. ఫైలు ఎలా ఉందో చెప్పేవి కొన్ని: గడుల మధ్య ఏ గుర్తు, చుట్టే గుర్తు ఏది, ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఏది, తేదీ ఏ వరసలో ఉంది. ఫైలు అలా లేకపోతే ఏం చెయ్యాలో చెప్పేవి కొన్ని: వదిలెయ్యి, కత్తిరించు, ఖాళీ పెట్టు, వేరే గుర్తు పెట్టు. మొదటి రకంలో ఒక్కటి కూడా డిఫాల్టుకి వదలకూడదు. రెండో రకంలో ఒక్కదాన్నీ సడలించకూడదు. లోడ్ ఆగిపోతే ఆగిపోనివ్వాలి.

దీనికి ఎదురు చెప్పేవాళ్లకి పెద్దల దన్ను ఉంది, ఒప్పుకుంటాను. సీఎస్‌వీకి చాలాకాలం రాతపూర్వకమైన నియమమంటూ లేదు. 1972 నాటికే ఐబీఎం ఫోర్ట్రాన్ కంపైలర్ ఒకటి కామాలతో విడదీసిన విలువల్ని చదివేది. అందరూ వాడుకుంటూ పోయారు, ఎవరి పద్ధతి వాళ్లది. 2005 అక్టోబరులో, ఇంటర్నెట్ పద్ధతుల్ని రాసిపెట్టే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల వరసలో, ఆర్‌ఎఫ్‌సీ 4180 వచ్చింది. అది కూడా నేను శాసనాన్ని అని చెప్పుకోలేదు, సమాచారం కోసమే అంది. అప్పటికే జనం చేస్తున్నదాన్ని రాసిపెట్టింది: గడిలో కామా గానీ కొటేషన్ గానీ లైన్ బ్రేక్ గానీ ఉంటే గడిని డబుల్ కోట్లలో చుట్టాలి, లోపలి కోట్‌ను రెండుసార్లు రాయాలి. దాంతోపాటు పాత ఇంటర్నెట్ సూత్రాన్నీ గుర్తుచేసింది. పంపేటప్పుడు ఒద్దికగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అని.

ఆ ఉదారత్వం దగ్గరే నాకు పేచీ. పుచ్చుకునేవాడు ఎంత సర్దుకుపోతే పంపేవాడు అంత అశ్రద్ధగా తయారవుతాడు. కొన్నాళ్లకి ఆ అశ్రద్ధే పద్ధతి అయి కూర్చుంటుంది, కొత్తగా వచ్చినవాడు దాన్ని కూడా చదవక తప్పదు. ఇది నా ఒక్కడి సణుగుడు కాదు. 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ విషయంలో ఇంచుమించు ఇదే చెప్పింది. తప్పుల్ని మౌనంగా భరిస్తూ పోతే అవి పాతుకుపోతాయని.

(అసలు ఈ గొడవంతా అక్కర్లేకపోయేది. కంప్యూటరు అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 30, 31 నంబర్లున్న అక్షరాలు రెండున్నాయి. ఒకటి రికార్డుల మధ్య పెట్టడానికి, ఇంకోటి రికార్డులోని విడి విలువల మధ్య పెట్టడానికి. ఏ కస్టమరూ కామెంటులో వాటిని టైపు చెయ్యడు. కానీ కీబోర్డు మీద వాటికి మీట లేదు, తెర మీద కనిపించవు. కనిపించనిదాన్ని ఎవరు నమ్ముతారు? కామా గెలిచింది.)

తేదీల సంగతి చూడండి, నా మాట ఇంకా స్పష్టమవుతుంది. స్నోఫ్లేక్‌లో డేట్ ఫార్మాట్ డిఫాల్టు 'ఆటో'. అది తనంతట తాను గుర్తుపట్టే రూపాల్లో ఏటవాలు గీతలున్నది ఒకటే: ముందు నెల, తర్వాత రోజు, తర్వాత సంవత్సరం. మీకు ఫైలు పంపేవాళ్లు ముందు రోజు, తర్వాత నెల రాసేవాళ్లయితే? 18/03/2023 దగ్గర లోడ్ ఆగిపోతుంది, 18వ నెల లేదు కాబట్టి. అది అదృష్టం. 04/05/2023 మాత్రం ఏ గొడవా లేకుండా ఏప్రిల్ 5 అయిపోతుంది. ఇప్పుడు ఆటోతో పాటు కంటిన్యూ కూడా పెట్టి ఉంటే ఏమవుతుందో కాగితం మీద లెక్క వేశాను. రోజుకో వరుస చొప్పున ఏడాదికి 365 వరుసలు వచ్చాయనుకుందాం. ప్రతి నెలలో మొదటి 12 రోజులే నెలలుగా చెల్లుతాయి, అంటే 144 వరుసలు ఎక్కుతాయి. మిగతా 221 పోతాయి. ఎక్కిన 144లో రోజూ నెలా ఒకటే అయినవి, అంటే జనవరి 1, ఫిబ్రవరి 2, అలా పన్నెండు మాత్రమే నిజం. 132 అబద్ధం. ఏడాది డేటాలో సరైనవి పన్నెండు రోజులు! జాబ్ మాత్రం పచ్చగానే ఉంటుంది.

ఒక్క డేట్ ఫార్మాట్ లైను రాసి ఉంటే ఇదంతా లేదు. కంటిన్యూ తీసేసి ఉంటే, తప్పు కనీసం మొదటి నెల 13వ తారీఖున బయటపడేది.

సొంతంగా ఊహించే సెట్టింగులన్నీ ఇంతే. బిగ్‌క్వెరీలో ఆటోడిటెక్ట్ పెడితే అది 500 వరుసల దాకా చూసి ఏ కాలమ్ ఏ రకమో తేలుస్తుంది. మొదటి 500లో ఐడీలన్నీ అంకెలే ఉండి, 700వ వరుసలో అక్షరం తగిలితే లోడ్ ఆగుతుంది, ఫర్వాలేదు. 00417 అన్న ఐడీ 417 అయిపోతే మాత్రం ఏదీ ఆగదు. ఆటోడిటెక్ట్ చెడ్డదని అనను. కొత్త ఫైలు చేతికొచ్చినప్పుడు లోపల ఏముందో ఒకసారి చూడటానికి దాన్ని మించింది లేదు. చూశాక స్కీమా (ఏ కాలమ్ ఏ రకమో చెప్పే జాబితా) మీరే రాసి దాన్ని ఆపెయ్యండి. రోజూ నడిచే జాబ్‌లో ఊహలకు పనిలేదు.

ఇక ఖాళీ గడి. సీఎస్‌వీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

4472,5,,2024-03-18
4473,5,"",2024-03-18

మొదటిదాంట్లో రెండు కామాల మధ్య ఏమీ లేదు. రెండోదాంట్లో ఏమీ లేనిదాన్ని కొటేషన్లలో చుట్టి ఇచ్చారు. ఒకరిని కామెంటు అడగనే లేదు, ఇంకొకరిని అడిగితే ఏమీ రాయకుండా పంపారు. పంపే సిస్టమ్ ఈ తేడా తెలిసి రాసిందా, లేక దాని లైబ్రరీ అలా రాసిందా? ఫైలు చూసి చెప్పలేం. వాళ్లనే అడగాలి. అడిగి తెలుసుకున్నాక మన వేర్‌హౌస్‌కి చెప్పాలి, ఎందుకంటే అదీ ఊహిస్తుంది. స్నోఫ్లేక్‌లో ఎంప్టీ ఫీల్డ్ యాజ్ నల్ డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది, పక్కపక్కనున్న కామాల మధ్య ఖాళీ నల్, అంటే 'విలువే లేదు' అన్న గుర్తు, అవుతుంది. రెడ్‌షిఫ్ట్‌లో ఎంప్టీ యాజ్ నల్ అని మీరు విడిగా రాస్తే తప్ప, అక్షరాల కాలమ్‌లో ఆ ఖాళీ 'ఖాళీ స్ట్రింగు'గానే, అంటే ఒక్క అక్షరమూ లేని పాఠంగానే, ఉండిపోతుంది. అంకెల కాలమ్‌లో అయితే ఎలాగూ నల్లే. ఒక వేర్‌హౌస్ నుంచి ఇంకోదానికి మారేవాళ్లు క్వెరీలు మార్చుకుంటారు, స్కీమాలు మార్చుకుంటారు, ఈ ఒక్క తేడా మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండదు.

ఉంటే ఏం, లేకపోతే ఏం అంటారా? రెండు టేబుళ్లను కలిపే జాయిన్ దగ్గర తెలుస్తుంది. నల్‌కి నల్ సమానం కాదు, కాబట్టి రెండు టేబుళ్లలోనూ రిఫరెన్సు నంబరు నల్ అయితే అవి కలవవు. ఖాళీ స్ట్రింగుకి ఖాళీ స్ట్రింగు సమానమే. ఒక టేబుల్లో అలాంటివి 3,000, ఇంకోదాంట్లో 2,000 ఉంటే, ప్రతిదీ ప్రతిదానితో జతకట్టి 60 లక్షల వరుసలు పుడతాయి. ఒకదానికీ అర్థం లేదు. మొత్తాలు ఆకాశానికంటుతాయి, అందరూ క్వెరీని అనుమానిస్తారు. క్వెరీ బంగారం లాంటిది. తప్పు ఎప్పుడో ఫైలు చదివిన చోట జరిగింది.

దీనికి విరుగుడుగా కొందరు, ఏ విలువల్ని నల్‌గా మార్చాలో చెప్పే నల్ ఇఫ్ జాబితాను బారెడు చేసి పెడతారు. ఖాళీ, హైఫన్, సున్నా, 'నల్', 'ఎన్‌ఏ', అన్నీ అందులో. స్నోఫ్లేక్‌లో ఈ జాబితా కాలమ్‌ను బట్టి కాదు, ఫైలు మొత్తానికి వర్తిస్తుంది. రకంతో కూడా సంబంధం లేదు. జాబితాలో 2 ఉంటే అంకె రెండూ పోతుంది, స్ట్రింగు రెండూ పోతుంది. 'ఎన్‌ఏ' పెట్టారనుకోండి, దేశాల కోడ్ ఉన్న కాలమ్‌లో నమీబియా మొత్తం మాయం, ఆ దేశపు రెండక్షరాల కోడ్ అదే మరి. నేను చేసేది ఏమిటంటే, పంపేవాళ్లతో మాట్లాడి ఒకే ఒక్క గుర్తు ఖాయం చేసుకుంటాను. దాన్ని మాత్రమే అక్కడ రాస్తాను. కాలమ్‌కో రకం గుర్తు వస్తుంటే వాటిని ఎక్కించాక క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్‌లో, ఆ కాలమ్ వరకే మారుస్తాను.

బ్యాక్‌స్లాష్ గురించి ఒక్క ముక్క. స్నోఫ్లేక్‌లో కొటేషన్లలో చుట్టని గడులకు బ్యాక్‌స్లాష్ డిఫాల్టుగా ఎస్కేప్ గుర్తు, అంటే తన తర్వాతి గుర్తును మామూలు అక్షరంగా చదవమని చెప్పేది. ఈ వరుస చూడండి:

817,\\సర్వర్\ఫోటోలు\,17

ఫోల్డర్ పేరు చివర ఉన్న బ్యాక్‌స్లాష్ తర్వాతి కామాను మింగేస్తుంది. మూడు గడులు రెండవుతాయి. ఇలాంటిది లక్ష వరుసల్లో ఒకటి ఉంటే కంటికి ఆనదు. నాకు తగిలినప్పుడు ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఇరవై నిమిషాలు కళ్లప్పగించి చూశాను, కామా కళ్లెదుటే ఉంది. ఫైల్ ఫార్మాట్‌లో ఎస్కేప్ అన్‌ఎన్‌క్లోజ్డ్ ఫీల్డ్‌ను 'నన్' చేశాక తప్ప నమ్మలేదు.

కాలమ్‌ల సంఖ్య తేడా వచ్చినప్పుడు ఎర్రర్ ఇవ్వడం స్నోఫ్లేక్‌లో డిఫాల్టు. దయచేసి దాన్ని ఆపకండి. ఆపితే ఎక్కువైన గడుల్ని పారేస్తుంది, తక్కువైన చోట నల్ పెడుతుంది. మన మొదటి వరుసకు కాలమ్‌లన్నీ టెక్స్ట్ అయిన టేబుల్లో ఇలా జరిగితే, కామెంటులో సగం ముక్క తేదీ కాలమ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, అసలు తేదీ గాలికి పోతుంది. వరుస పోవడం కంటే ఇది ఘోరం. పోయిన వరుసను కనీసం లెక్కపెట్టి కనుక్కోవచ్చు, పక్కకు జరిగిన గడి లెక్కలో సరిగ్గానే ఉంటుంది.

హెడర్ కూడా అంతే. స్కిప్ హెడర్ 1 అంటే మొదటి లైను దాటెయ్యి అని మాత్రమే. ఆ లైనులో ఏముందో ఎవరూ చదవరు. పంపేవాళ్లు ఒకరోజు ధర, పన్ను కాలమ్‌ల వరస మార్చారనుకోండి, రెండూ అంకెలే, రెండూ హాయిగా ఎక్కుతాయి. పేరును బట్టి కాలమ్ జతచేసే ఏర్పాటు, హెడర్ చదవమని చెప్పే ఆప్షన్‌తో కలిపి, ఇప్పుడు స్నోఫ్లేక్‌లో సీఎస్‌వీకీ ఉంది. అది వాడండి. వాడలేకపోతే హెడర్ లైనును మీరే విడిగా చదివి, మీ దగ్గరున్న జాబితాతో పోల్చి, తేడా వస్తే ఆపండి.

ఎన్‌కోడింగ్ గురించి చాలామందికి తెలుసు కాబట్టి తొందరగా చెప్పి వదిలేస్తాను. చెల్లని బైట్లు వస్తే వాటి బదులు వేరే గుర్తు పెట్టే ఆప్షన్ స్నోఫ్లేక్‌లో ఉంది, రెడ్‌షిఫ్ట్‌లో ఉంది. రెడ్‌షిఫ్ట్ మామూలుగా ప్రశ్నార్థకం పెడుతుంది. ఒకసారి పెట్టాక ఆ ప్రశ్నార్థకం కింద ఏ అక్షరం ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెబితే అసలు ప్రశ్నార్థకమే రాదు. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. రెడ్‌షిఫ్ట్‌లో వార్‌క్యార్ (టెక్స్ట్ కాలమ్ రకం) పొడవు అక్షరాల్లో కాదు, బైట్లలో. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ క్యారెక్టరు ఒక్కోటి మూడు బైట్లు, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కే. 'తెలుగు' అన్న మాటకే 18 బైట్లు పడుతుంది. వార్‌క్యార్ 20లో పేరు పట్టలేదని ట్రంకేట్ కాలమ్స్ ఆన్ చేసేవాళ్లని చూశాను. పేర్లు కత్తిరించడం కంటే కాలమ్ పెంచడం తేలిక కదా!

ఇప్పటిదాకా చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేస్తే న్యాయం కాదు. 'పది లక్షల వరుసల్లో ఒక్క వరుస తప్పయితే మొత్తం ఆపేస్తే, పొద్దున్న రిపోర్టు ఎవరిస్తారు? రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?' అని. నేనూ లేచాను, ఆ విసుగు నాకు తెలుసు. కానీ ఇక్కడ రెండు రకాల తప్పుల్ని కలిపేస్తున్నాం. ఆకారం తప్పడం వేరు, విలువ తప్పడం వేరు. రేటింగు గడిలో 'ఐదు' అని అక్షరాల్లో రాశారనుకోండి, అది విలువ తప్పు. దానికి లోడ్ ఆపక్కర్లేదు. ముందు అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉన్న టేబుల్లోకి ఎక్కించి, అక్కడి నుంచి అసలు టేబుల్‌కి పంపేటప్పుడు ట్రై కాస్ట్‌తోనో, బిగ్‌క్వెరీ అయితే సేఫ్ కాస్ట్‌తోనో మార్చి, మారనివాటిని పక్కన వేరే టేబుల్లో పెట్టుకోవచ్చు. ఫైలు పేరు, ఫైల్లో ఎన్నో వరుస అన్నవి స్నోఫ్లేక్ మెటాడేటా కాలమ్‌లుగా ఇస్తుంది, వాటినీ పక్కన రాసుకుంటే మూలం దొరుకుతుంది. ఏదీ పోలేదు, ఎవరూ రాత్రి లేవక్కర్లేదు.

ఆకారం తప్పితే ఆ వెసులుబాటు లేదు. తెరిచిన కొటేషన్ మూయకపోతే వరుస ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలీదు. తర్వాతి కొటేషన్ దొరికేదాకా వచ్చిన కామాలు, లైన్ బ్రేకులు అన్నీ ఆ ఒక్క గడి పొట్టలోకి పోతాయి. ఎక్కడో మళ్లీ కొటేషన్ దొరికాక, అక్కడి నుంచి లోపల బయట తారుమారు. అలాంటి ఫైలులో 'ఒక్క వరుస తప్పు' అని యంత్రం చెప్పినా నేను నమ్మను. వరుస అంటే ఏమిటో తెలియనప్పుడు ఒకటి అన్న లెక్క ఎక్కడిది?

బిగ్‌క్వెరీ కొటేషన్ల లోపలి లైన్ బ్రేకుల్ని డిఫాల్టుగా ఒప్పుకోకపోవడానికి మూలం కూడా ఇక్కడే ఉంది. పెద్ద ఫైలును ముక్కలు చేసి చాలా యంత్రాలు ఒకేసారి చదవాలంటే, ముక్క మధ్యలో దిగిన యంత్రానికి తర్వాతి లైన్ బ్రేకే కొత్త వరుస మొదలని నమ్మకం ఉండాలి. గడి లోపల కూడా లైన్ బ్రేకు ఉండొచ్చంటే, ఫైలు మొదటి నుంచి కొటేషన్లు సరి సంఖ్యలో వచ్చాయా బేసిలో వచ్చాయా అని లెక్కపెడితే గానీ తాను గడి లోపలున్నానో బయటున్నానో దానికి తెలీదు. కామెంట్లున్న ఫైలుకి ఆ ఆప్షన్ ఆన్ చేయక తప్పదు. కాస్త నెమ్మదిస్తే నెమ్మదిస్తుంది. ఫైళ్లనే చిన్నవిగా పంపమనండి.

మౌనంగా డేటా పోవడం ఎంత దూరం వెళ్తుందో 2020లో ప్రపంచమంతా చూసింది. ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలు సీఎస్‌వీలుగా వచ్చేవి, వాటిని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కించేవారు. ఆ పాత రకంలో షీటుకి 65,536 వరుసలే పడతాయి. ఆపైవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, ఆ రోగులతో తిరిగినవాళ్లకి కబురు ఆలస్యంగా వెళ్లింది. అక్కడ వేర్‌హౌస్ లేదు, కాపీ కమాండ్ లేదు. ఉన్నది ఒకటే: పట్టనిదాన్ని పట్టలేదని చెప్పకుండా వదిలేసే గుణం.

మళ్లీ నా పనికొస్తాను. ఇప్పుడు ప్రతి ఫైలు రకానికీ పేరున్న ఫైల్ ఫార్మాట్ ఒకటి ఉంటుంది. డిఫాల్టు విలువే కావాలన్నా దాన్ని కూడా రాస్తాను, రేపు చదివేవాడికి ఇది ఆలోచించి పెట్టినదని తెలియాలి కదా. ఆ ఫైల్ ఫార్మాట్ కోడ్‌తో పాటే రిపాజిటరీలో ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో కనిపిస్తుంది. కాపీ కమాండ్‌లో ఫార్మాట్ ఆప్షన్లు విడిగా రాయనివ్వను. స్నోఫ్లేక్‌లో కాపీలో చెప్పిందే చెల్లుతుంది, తర్వాత స్టేజ్ (ఎక్కించే ముందు ఫైళ్లుండే చోటు) మీద పెట్టింది, ఆ తర్వాత టేబుల్ మీద పెట్టింది. ఎవరో హడావిడిలో కాపీలో ఒక ఫార్మాట్ ఆప్షన్ రాస్తే, స్టేజ్ మీద మనం శ్రద్ధగా పెట్టుకున్నది పక్కకు పోతుంది.

కొత్త ఫైలు రకం వస్తే ముందు ఎక్కించకుండానే పరీక్షిస్తాను. స్నోఫ్లేక్‌లో వాలిడేషన్ మోడ్, రెడ్‌షిఫ్ట్‌లో నోలోడ్. ఆన్ ఎర్రర్‌ని కాపీ డిఫాల్టు అయిన 'అబార్ట్ స్టేట్‌మెంట్' దగ్గరే ఉంచుతాను. ఫైళ్లను వచ్చినవి వచ్చినట్టే ఎక్కించే స్నోపైప్‌లో అయితే డిఫాల్టు తప్పున్న ఫైలును మొత్తంగా వదిలేయడం. అది ఫర్వాలేదు, వదిలేసిన ఫైలు గురించి ఎవరికైనా కబురు వెళ్లే ఏర్పాటు చేసుకున్నంత వరకు. లేదంటే అదీ నా కంటిన్యూకి అన్నయ్యే. పంపేవాళ్లని ప్రతి ఫైలుతో వరుసల సంఖ్య కూడా పంపమన్నాను. ఫైలులో లైన్లు లెక్కపెట్టి పంపొద్దని, రికార్డులు లెక్కపెట్టి పంపమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కామెంట్లలో ఎంటర్లు ఉంటే ఆ రెండూ ఒకటి కావు.

ఆ అభిప్రాయాల ఫైళ్లను మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాం. అసలు ఫైళ్లు స్టోరేజ్‌లో చెక్కుచెదరకుండా ఉండబట్టి బతికిపోయాను. రేటింగుల గీత కిందికి దిగింది. మీటింగులో ఆ గీత చూపించి, ఇన్నాళ్లూ మనం మెచ్చుకున్న పెరుగుదల నా సెట్టింగు వల్ల వచ్చిందని చెప్పాల్సి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. సపోర్టు ఆవిడ మాత్రం, "అందుకే అనుకున్నాను, నా ఫోన్లేమో మోగుతూనే ఉండేవి" అన్నారు.

ఇన్ని మాట్లాడాక పంపే సంస్థవాళ్లకి కామాల మీదే కోపమొచ్చింది. కొటేషన్లూ వద్దు, ఏమీ వద్దు, ఇకనుంచి గడుల మధ్య పైపు గుర్తు పెట్టి పంపుతామన్నారు, కామెంట్లలో పైపు ఎవరు రాస్తారండీ అన్నారు. కొటేషన్లు ఉంచమని బతిమాలాను, వినలేదు. ఫైల్ ఫార్మాట్ మార్చాం. మూడు వారాలు నిక్షేపంగా నడిచింది. నాలుగో వారంలో ఒక కస్టమరు తాను అడిగినదేమిటో, తనకు వచ్చినదేమిటో వరసగా చూపిస్తూ, కామెంటు పెట్టెలో పైపు గుర్తులతో చక్కగా ఒక పట్టిక గీసి పంపాడు.

లోడ్ ఆగిపోయింది. పొద్దున్నే ఆ కామెంటు మొత్తం చదివాను.